తాళాలు ఇస్తూ

ఇది వీధి తలుపుది. ఇది నీ ఇంటిది.
ఈ బుల్లిది ఉత్తరాల డబ్బాది, పారేసుకోకు.
మ్వామినీ, ఈ దేశం నీతో ఏం మాట్లాడినా
కవర్లలోనే మాట్లాడుతుంది.
గోధుమరంగు కవరొస్తే భయపడు, పర్లేదు,
విప్పకుండా మాత్రం ఉంచకు.
నేను మొదటి ఏడాది పదకొండు కవర్లు
పరుపు కింద దాచాను,
వాటంతటవే చల్లారతాయని.

లోపలికి రా. పిల్లల్ని రేడియేటర్ ఎక్కనివ్వకు.
సామాను దించకముందే గోడలకి ఫోటోలు తియ్యి:
ఈ పగులు, సింకు కింద ఆ తడి మరక,
కిటికీ చట్రంలో వేలు దూరే సందు.
నేను యజమాని జీతగాణ్ణే, అయినా చెబుతున్నాను,
రేపు ఖాళీ చేసేనాడు డిపాజిట్‌లో కోత పెడితే
నీ చేతిలో తేదీతో సాక్ష్యం ఉండాలి.

గిన్నెడు నీళ్ళు పెట్టు రేడియేటర్ మీద.
విన్నిపెగ్ చలిని అందరూ తిడతారు గానీ
అసలు గడుసుది ఈ పొడిగాలి.
నిద్రలో ముక్కులోంచి రక్తమొస్తే
ఆస్పత్రికి పరిగెత్తకు.
నేను పరిగెత్తాను. ఆరు గంటలు కూర్చోబెట్టి
వాజలిన్ డబ్బా చేతిలో పెట్టి పంపారు.

వెనక సందులో సోఫా కనిపిస్తుంది,
ఎవరో వదిలేసింది, బంగారంలా ఉంటుంది.
ముట్టుకోకు.
అందులో నల్లులు ఎప్పుడో అద్దెకు దిగుంటాయి.

అన్నీ పాతవి కొను, బూట్లు తప్ప.
చేతులకి గ్లౌజులు కాదు, మిట్టెన్లు.
మూడో అంతస్తు వెర్నా నాకు చెప్పిన తొలిమాట అదే:
వేళ్ళని విడివిడిగా ఉంచితే
విడివిడిగానే పోతాయి, అని.
ఆవిడ క్రీ మనిషి. వాళ్ళ ముత్తవ్వల ముందునుంచీ
ఈ నదుల పక్కనే ఉన్నారు.
చలి సంగతి ఆవిణ్ణి అడుగు,
టీవీలో సూటు వేసుకున్నవాణ్ణి కాదు.

కొట్లో "హౌ ఆర్ యూ" అంటారు. అది ప్రశ్న కాదు.
నేనోసారి నిజంగానే చెప్పడం మొదలెట్టాను.
కెరెన్‌లో మా అమ్మ కంటి ఆపరేషన్ దాకా వచ్చేసరికి
నా వెనక ఏడుగురు నిలబడ్డారు.
ఒక్కరూ కిక్కురుమనలేదు.
అది కూడా గుర్తుపెట్టుకో.

నీకిచ్చిన తొమ్మిదంకెల నెంబరు
ఫోన్లో ఎవరడిగినా చెప్పకు.
పన్నుశాఖ అంటారు, పోలీసులంటారు,
గంటలో అరెస్టు అంటారు, గిఫ్ట్ కార్డులు కొనమంటారు.
ఏ ప్రభుత్వమూ గిఫ్ట్ కార్డులు తీసుకోదు.
నవ్వకు. కింద వాటాలో లెక్కల మాస్టారు
పన్నెండు వందల డాలర్ల కార్డులు గీకి,
అంకెలన్నీ ఓపిగ్గా చదివాడు వాళ్ళకి.

సంపాదన లేకపోయినా పన్ను కాగితాలు వెయ్యి,
పిల్లల డబ్బు దాని తోక పట్టుకునే వస్తుంది.
బస్సు దిగేటప్పుడు డ్రైవర్‌కి థాంక్యూ చెప్పు,
అందరూ చెబుతారు, ఎందుకో నాకూ తెలీదు.
మంచు మీద బాతులా నడువు,
చేతులు జేబుల్లోంచి బయటికి తీసి.
పడ్డావా, పరువు సంగతి తర్వాత,
ముందు సంచిలో గుడ్లు చూసుకో.
బాయిలర్ ఆగితే ఏ వేళైనా తలుపు కొట్టు,
తెక్లే అని పిలిస్తే చాలు.

ఏంటంటున్నాడు నీ పెద్దాడు, కిటికీ దగ్గర?
ఓ, అదా. ఆ పిట్టా.
అవున్రా, నల్లటోపీ పెట్టుకున్నట్టే ఉంటుంది.
మైనస్ ముప్పైలోనూ ఎక్కడికీ పోదు,
నేను పార పట్టుకుని మంచు తోస్తుంటే
నెత్తిమీద కొమ్మ మీంచి ఏదో ఒకటి అంటూనే ఉంటుంది.
పేరా?

ముప్పై మూడేళ్ళు.
తెలీదురా.

లైబ్రరీ రెండు వీధుల అవతల.
కార్డు ఊరికే ఇస్తారు, నీ పేరూ ఈ అడ్రసూ ఉన్న
ఒక్క కవరు చూపిస్తే చాలు.
శనివారం పదింటికి తెరుస్తారట.
నేనూ వస్తాను. నాకూ లేదు కార్డు.

ఇదుగో, వెళ్ళేటప్పుడు ఈ తలుపు
కొంచెం పైకెత్తి లాగాలి, చలికి బిగుసుకుంటుంది.
అలా కాదు. ఇంకా గట్టిగా.