మక్కీకి మక్కీ

రోనోక్‌లో, టైర్ల షాపు పైన అద్దె గదిలో
మేమొక బొత్తాం గీస్తున్నాం.
నొక్కితే చాలు,
వాషింగ్టన్‌లో పెద్దమనిషి ఏ షేరు కొన్నాడో
మన జేబూ అదే కొంటుంది.

"ఆకుపచ్చ" అంటాడు ఓరిన్.
ఆకుపచ్చంటే లాభమని మాటిచ్చినట్టు.
నీలం పెట్టాం. నీలం ఎవరికీ ఏ మాటా ఇవ్వదు.
బొత్తాం మీద ఏం రాయాలి?
'అనుసరించు' అంటే భజనలా ఉంది,
'నకలు' అంటే దొంగతనంలా ఉంది.
రెండు రోజులు కొట్టుకుని
'నేను కూడా' అని రాశాం,
ఐస్‌క్రీం బండి వెనక పరిగెత్తే పిల్లల మాట.

కాగితాలు ఆలస్యంగా వస్తాయి.
నలభై అయిదు రోజుల దాకా
చెప్పకపోయినా చట్టం ఏమీ అనదు.
ఆ లోపల ముల్లంగి విత్తు
మొలిచి, ఊరి, ముదిరి, బెండుబారిపోతుంది.
వచ్చిన లెక్కా లెక్కలా ఉండదు:
వెయ్యీ ఒకటి నుంచి పదిహేను వేల దాకా, అట!
చేప ఎంతుందంటే చేతులు చాచి చూపించినట్టు.
కొందరైతే చేత్తో రాసి, వంకరగా స్కాన్ చేసి
మన మొహాన కొడతారు.

అలాంటి ఒక కాగితం మీద మచ్చ.
కాఫీ చుక్కో, చచ్చిన ఈగో.
మా ప్రోగ్రాం దాన్ని సున్నా అని చదువుకుంది.
ఎవరో సభ్యుడి భార్య
ఆ ఒక్క రాత్రీ పదింతలు ధనవంతురాలైంది.

నవ్వొచ్చింది. వెంటనే చెవి మెలిక గుర్తొచ్చింది.
ఎనిమిదో తరగతిలో పక్కవాడి తప్పుతో సహా దించినందుకు
పిచ్చేశ్వర్రావు మాస్టారు వేసిన మెలిక.
మూలంలో ఈగ అతుక్కుని ఉందని
ఇంకో ఈగను వెతికి చంపి తెచ్చి
అదే అక్షరం పక్కన అంటించాడే రాయసగాడు,
"వాడి మునిమనవడివిరా నువ్వు" అన్నారాయన.

గురువారం వర్నా వచ్చింది, బొత్తాం పరీక్షకు.
గంటకు నలభై డాలర్ల గిఫ్ట్ కార్డు.
ఇరవై రెండేళ్లు సోఫా దిండ్లకు కుట్టు వేసిన బొటనవేలు
తెర మీద జాగ్రత్తగా జరుగుతూ జరుగుతూ
ఒక వరుస దగ్గర ఆగింది.

"ఈయన మా ఫ్యాక్టరీకి వచ్చాడు.
నేను కుట్టిన సోఫాలో కూచుని ఫోటో దిగాడు.
మెత్తగా ఉందన్నాడు."

ఆయన అమ్మింది మార్చి మూడున.
వర్నా చేతికి ఉత్తరం ఇచ్చింది మార్చి ఇరవై ఆరున.
మా యాప్ గంట కొట్టింది ఏప్రిల్ పదహారున.
'కొత్త కదలిక!' అని,
పక్కన నేనే ఎంచిన చిన్న రాకెట్ బొమ్మతో.

"దీన్ని నొక్కితే ఇప్పుడు నేనేం అమ్మాలి?"
అడిగి, జవాబు కోసం చూడకుండా
నేను కూడా, నొక్కింది.

'మీ ఖాతాలో ఈ షేర్లు లేవు' అంది తెర.
ఆ వాక్యం నాదే.
మర్యాదగానే రాశాను.
'క్షమించండి' కూడా పెట్టి, పొడుగైందని తీసేశాను.

ఆమె వెళ్లాక ఓరిన్ నోటు రాసుకున్నాడు:
ఖాళీ తెర బోసిగా ఉంది, ఏదైనా బొమ్మ పెట్టాలి.
గిఫ్ట్ కార్డు బల్ల మీదే ఉండిపోయింది.
మెట్లు దిగి పరిగెత్తాను.
కింద టైరుకు గాలి కొడుతున్న చప్పుడు తప్ప
వీధిలో ఎవరూ లేరు.

ఆ రాత్రి కూచుని
ఆయన అమ్మిన రోజు నుంచి
మాకు తెలిసిన రోజు దాకా
రోజుకొక ఖాళీ గడి గీశాను.
వేలితో నెడితే తప్ప
తరిగిపోని గడులు.
ఇరవై నాలుగో గడిలో
చిన్న ఈగను పెట్టాను.
రెక్కలతో సహా.

"ఇదేంటి, బగ్గా?" అన్నాడు ఓరిన్ పొద్దున్నే,
తెర మీద దాన్ని గోటితో గీకుతూ.

కాదన్నాను.
మూలంలోనే ఉంది.