ఎవరి వాన

పేరుల గంగ ఉన్నదని
నీళ్ల లెక్క నాకు అప్పజెప్పిండు ముదీర్.
గంగారాజం. నాలుగు బోర్లు, పదకొండు మీటర్లు, ఒక పుస్తకం.
రాత్రి రెండుగంటలకు అల్ ఖర్జ్ ఇసుక మీద
నా టార్చిలైటు ముందు నడుస్తది,
దాని వెనుక నేను.

ఇరవై రెండు వేల ఆవులు.
నలుపూ తెలుపూ, మంచు దేశపు తోలు.
షెడ్డు పొడుగునా ఫ్యాన్లు,
ఫ్యాన్ల ముందట పొగమంచు లెక్క నీళ్ల తుంపర.
పగలు బయట నలభై తొమ్మిది, లోపల ఇరవై ఏడు.
మా రూముల ఏసీ పాడై వారమైంది.
ఆ మాట రాసేటందుకు పుస్తకంల గడి లేదు.

ఈ ఏడు ముదీర్ నోట ఒకటే ప్రశ్న:
లీటరు పాలకు ఎన్ని లీటర్ల నీళ్లు?
తగ్గించాలె, ఏటేటా తగ్గించాలె.
తగ్గిస్తున్నం.
పొదుగులు కడిగిన నీళ్లు గుంతల తేటపడి
మళ్లా అవే ఆవుల నేల కడుగుతయి.
పేడను పిండి, ఆరబోసి, నలగ్గొట్టి
వాటి కిందనే మెత్తగ పరుస్తం.
ఇక్కడ ఎండ ఒక్కటే అప్పు తెచ్చింది కాదు.
కప్పు మీది పలకలు దాన్ని తాగుతయి,
పగటిపూట పాలచక్రం దాంతోనే తిరుగుతది.
చక్రం పక్కన దిల్ బహదూర్
ఒక్క అడుగు నడువకుండ
వేల ఆవులను దాటుతడు.

గడ్డి మాత్రం ఇక్కడ పెంచొద్దన్నరు.
గడ్డి తాగేటన్ని నీళ్లు ఎడారి కింద లేవట.
అందుకే ఓడల మీద వస్తది లూసర్న్,
ఏ ఖండం నుంచో, ఇనుప పెట్టెల్ల అణిగి.
మొన్న ఒక మోపు తాళ్లు కోస్తే
గుప్పున లేచింది
తొలకరి తెల్లారి చేనుగట్టు వాసన.
మోపు నడుమ ఎండిన మిడత ఒకటి,
రెక్క కింద ఇంకా గులాబీరంగు.
అరచేతిల పెట్టుకొని నిలబడ్డ.
ఏ ఊరి మీద కురిసిన వాన ఇది?
ఆ ఊర్ల కూడ ఒకడు
మీటరు పుస్తకం పట్టుకొని తిరుగుతుండొచ్చు.
మా పుస్తకంల తగ్గిన అంకె
వాని పుస్తకంల పెరిగిందా?
ముదీర్‌ను అడిగిన.
"అది వేరే డిపార్ట్‌మెంట్" అన్నడు.
నవ్వులాటకు అనలే.

ట్యాంకరు నడిపే అబూ సాలిం ఈ నేలల పుట్టినోడు.
ఒకనాడు చాయ్ తాగుకుంట చెప్పిండు:
మా చిన్నప్పుడు ఇక్కడ గుండాలుండె, నీలంగ.
దుంకితే ఎవ్వని కాలూ అడుగు తాకకపోవు.
ఇప్పుడు సెలవునాడు జనం వచ్చి
ఎండిన గుంత లోపలికి తొంగిచూసి
ఫోటో దిగి పోతరు.

నేనేమనను ఆయనతోని?
కోరుట్ల చుట్టుపక్కల బోరుబండి మీద
ఎనిమిదేండ్లు పని చేసిన.
మూడు వందల ఫీట్లు, ఐదు వందలు, ఏడు వందలు.
నీళ్లకు బదులు తెల్లదుమ్ము లేచిన కాడ
రైతు మొఖం చూడకుండ
పైపులు సదురుకొని పోయినోణ్ని.

నిన్న రాత్రి ఏడో షెడ్డుల
పైపు జాయింటు కారుతున్నది.
చుక్క. ఆగి, ఇంకో చుక్క.
కింద నాలుగువేల నాలుగువందల పదిహేడో నంబరు,
నాలుగు ఈతలది, పాలు తగ్గింది,
వచ్చే వారం లారీ ఎక్కుతది.
మెడ ఎత్తి, నాలుక చాపి
ఒక్కొక్క చుక్కనే అందుకుంటున్నది.
పక్కనే తొట్టి నిండుగ ఉన్నది.
దానికి ఆ చుక్కే కావాలె.

రెంచి తీసిన.
బిగించలే.
తొట్టి అంచు మీద కూసొని లెక్కేసిన:
తెల్లారేదాక ఎంత పోతది, చెంబెడు.
ఇంగ్లీషు మాట యాదికి రాలే, తెలుగులనే రాసిన:
ఏడో షెడ్డు. లీకు. చెంబెడు.
బాధ్యుడు అన్న కాడ
పేరు మొత్తం రాసిన, గంగతో సహా.

పొద్దున ముదీర్ అడుగుతడు,
చెంబెడంటే ఎన్ని మిల్లీలీటర్లని.
రెండు చేతులు దగ్గరికి తెచ్చి
గింత, అని చూపిస్త.