వేడి తలుపు

ఎర్మొసియోలో జూన్ నెల.
నలభై ఏడు డిగ్రీలు.
నీడ కూడా గోడకి అతుక్కుని కదలనంటోంది.

ఎర్రని రెండు సీట్ల స్పోర్ట్స్ కారు
మా షెడ్డులోకి వచ్చి ఆగింది,
పందెంలో ఓడిన కుర్రాడిలా వగరుస్తూ.
అందులోంచి మందులషాపు ఎవరిస్తో
ముందు ఒక కాలు, తర్వాత పొట్ట, ఆ తర్వాత నిట్టూర్పు,
ఆ వరసలో దిగాడు.
చొక్కా వీపుకి తపాలా బిళ్ళలా అంటుకుంది.

"గాలి వస్తోంది, చలి రావట్లేదు.
ఇప్పటికి ముగ్గురు మూడుసార్లు గ్యాస్ నింపారు."

మా రెఫూహియో అత్త నవ్వింది.
ఆ నవ్వు నాకు తెలుసు,
పక్కవీధి మెకానిక్కుల కోసం దాచుకున్న నవ్వు.
"కడుపునొప్పన్న ప్రతివాడికీ అన్నమే పెడతారా?" అంది.

ఎర్ర గొట్టం, నీలి గొట్టం తగిలించింది.
గేజుల్లో ముళ్ళు రెండూ
బుద్ధిమంతుల్లా ఎక్కడుండాలో అక్కడే నిలబడ్డాయి.
కంప్రెసర్ క్లచ్ టక్కుమని పట్టుకుంది, వదిలింది, మళ్ళీ పట్టుకుంది.
"నాడి బాగానే ఉంది."
ఊదారంగు దీపం పట్టుకుని నేను బానెట్ కింద దూరాను.
ఏ అతుకు దగ్గరా పచ్చని చెమట లేదు.
కండెన్సర్ రెక్కల్లో ఎడారి దుమ్ము, సగం తూనీగ.
కడిగాను. ఒక్క డిగ్రీ తగ్గింది.
ఒక్క డిగ్రీకి డబ్బులెవరిస్తారు?

గాలి వచ్చే కంతలో థర్మామీటర్ గుచ్చాం.
ఇరవై నాలుగు.
చల్లగా ఉందనలేం, లేదనీ అనలేం,
పెళ్ళి భోజనంలో చివరి బంతికి వడ్డించిన పులుసులాగా.

అప్పుడు అత్త
హీటర్‌కి పోయే వేడినీళ్ళ గొట్టాన్ని
పీక పిసికినట్టు క్లాంపుతో నొక్కేసింది.
పది నిమిషాలు కాచుకున్నాం.
తొమ్మిది.

"చూశావురా అబుందియో?
చలికేం లోటు లేదు, కావలసినంత తయారవుతోంది.
పక్కగదిలో వేడి, మధ్యలో చిన్న తలుపు.
అది పూర్తిగా మూసుకోవట్లేదు, అంతే.
ఇల్లు చల్లబడలేదని మంచు మోసుకొచ్చారు ముగ్గురూ,
తలుపు వేసి చూసినవాడు లేడు."

ఆ క్షణంలో ఆమె మొహం చూడాలి మీరు.

డాష్‌బోర్డు విప్పడానికి నాలుగు గంటలు.
ఆ కారుని వేగం కోసం కట్టి
మిగిలిన సందుల్లో మనుషుల్ని ఇరికించారు.
నా మోచేతులు రెండూ గీరుకుపోయాయి.
నల్లపెట్టె మూత తీశాను.
అరచేయంత తలుపు.
దాని ఇరుసు దగ్గర అడ్డంగా
బొటనవేలంత పెన్సిల్ ముక్క.
ఆకుపచ్చది. వెనక సగమంతా పంటిగాట్లు.

నాలుగేళ్ళ కిందట ఈ కారుకి రేడియో బిగించింది మేమే.
అప్పుడు నా పని మరలు అందించడం.
మా షెడ్డులో పెన్సిళ్ళు నమిలేది ఒక్కరే.

అత్త చేతిలో పెట్టాను. ఏమీ అనలేదు.
ఆమె అటూ ఇటూ తిప్పింది.
వీధిలో ఐస్‌బండి గంట దగ్గరికొచ్చి దూరమైంది.
ఎవరూ చూడట్లేదనుకుని
పళ్ళ మధ్య పెట్టుకుంది,
గాట్లు కుదురుతాయేమోనని.

సాయంత్రానికి థర్మామీటర్ ఆరు చూపించింది.
ఎవరిస్తో రెండు చేతులూ గాలికి ఒగ్గి
కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.
"ఎంతయింది?"
అత్త బిల్లుపుస్తకం తెరిచి
ఆ పెన్సిల్‌తోనే చేసిన పనులన్నీ రాసింది,
నేను రెక్కలు కడిగిన సంగతి కూడా.
కింద సున్నా చుట్టింది.

"ఇదేమిటి?"
"లోపల దొరికింది నాది."

ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది.
తర్వాత నవ్వాడో, తిట్టాడో,
అద్దాలు ఎక్కించేసుకున్నాడు, వినపడలేదు.

ఆ తర్వాత రెండు వారాలు
పక్కవీధి మెకానిక్కుల ఊసెత్తలేదు అత్త.
పెన్సిళ్ళు మాత్రం నములుతూనే ఉంది.
రాత్రి షట్టర్ దించే ముందు
నేను వాటిని లెక్కపెడతాను.