మిల్లీగ్రాము రేకు

షావుకారుపేటలో ఏడాదికోసారి
తూకాలు సరిచూసి సీసం ముద్ర వేయించే పని నాది.
నాన్నదీ అదే. వెంకటగిరి నుంచి ఆయన తెచ్చుకున్న
రాళ్లపెట్టెలో, మఖమలు గుంటల్లో,
రెండొందల గ్రాముల ఇత్తడి బుడ్డతో మొదలై
చివర, మూల వంచిన ఒక రేకు.
మిల్లీగ్రాము.
పట్టకారుతో ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడతాను.
వదిలితే ఎగిరిపోతుంది.

మింట్ వీధిలో ఘేవర్‌చంద్ తాకట్టు కొట్టు.
లోపలి గడప మీద ఆయన తల్లి పానీబాయి
నోటికి తెల్లగుడ్డ కట్టుకుని పూసలు తిప్పుతూ ఉంటుంది.
గాలిలో ప్రాణులకి తన ఊపిరి వేడి తగలకూడదట.
ఒకే గదిలో ఇద్దరం నోళ్లు మూసుకుంటాం,
ఆవిడ ప్రాణి కోసం,
నేను రేకు కోసం.

"లోకంలో సరుకు ఆరు రకాలే, మేస్త్రీ.
కంటికి కనబడి, నీ పళ్లెంలో కూచునేది ఒక్కటే."
పుద్గలం.
బంగారం, లక్క, నా చొక్కా, చెమట వాసన,
వీధిలో లారీ హారను కూడా.
హారను తూగదే అన్నాను.
"నీ రాళ్లు చాలవు" అని నవ్వింది.

ధర్మమంటే నేననుకున్న ధర్మం కాదు.
చేపకి నీళ్లు. తొయ్యదు,
కదిలితే కదలనిస్తుంది.
అధర్మం పాపమూ కాదు,
ఎండన పడొచ్చినవాడికి బస్టాపు నీడ. రమ్మనదు,
ఆగితే ఆగనిస్తుంది.
చోటిచ్చేది ఆకాశం. పాతబరిచేది కాలం.
"ఈ అయిదింటికీ తామున్న సంగతి తమకి తెలీదు."
ఆరోది?
ఆవిడ ఇంకో పూస జరిపింది.

పోయిన మంగళవారం, పళ్లెంలో చీమ.
సున్నా చుక్క సున్నా సున్నా మూడు.
ఊదబోయాను. పానీబాయి చెయ్యెత్తింది.
ఫ్యాను ఆపారు. అద్దం తలుపు తీసిపెట్టాను.
బెంచీ మీద, పిల్ల ఫీజుకని పట్టీలు తెచ్చినామె
టోకెను మడుస్తోంది, విప్పుతోంది.
చీమకి తొందర లేదు.

"ఆ మూడులో లోపలిదెంత, బాయీ?"
"ఏమీ లేదు."
"ఏనుగులో?"
"అంతే. దీపం కుండలో పెడితే కుండంత,
గదిలో పెడితే గదంత."
కాసేపాగి, తనకి తానే కోప్పడినట్టు,
"వెలుగూ సరుకేలే. మాటవరసకి చెప్పాను."

పట్టీలామె ఇక ఆగలేక లేచొచ్చి
పళ్లేనికి వేలు ఆనించింది.
అంకెలు పిచ్చెత్తినట్టు ఎగిరాయి.
చీమ వేలెక్కింది. అంకె సున్నాకి దిగింది.
చీమని గుమ్మానికి వదిలేసి,
"ఇప్పుడు నావి తూచండి" అంది.

రాత్రి తండయార్‌పేటలో, కొళాయి దగ్గర,
వేళ్ల గీతల్లోంచి ఇత్తడి పొడి వదల్లేదు.
కర్మ కూడా పొడేనంటుంది పానీబాయి,
జిడ్డున్నచోటే అంటుతుందట.
ఊదబోయి సున్నా చుట్టిన నా పెదాలు గుర్తొచ్చాయి.
తూకానికి ముద్ర పడింది, సరిగ్గా ఉందని.

సబ్బు మళ్లీ అందుకున్నాను.