మూడో మెట్టు

ఫారం ఆరులో ఇంటి నెంబరు గడి దగ్గర
నా పెన్ను ఆగిపోయింది.
"రాసుకోమ్మా, రైల్టేసను ఎదురుగా,
మూతబడిన ఫోటో స్టూడియో, మూడో మెట్టు"
అన్నింది దొరసానమ్మ.
మొదటి మెట్టు మీద వాననీళ్ళు నిలుస్తాయంట.
రెండోది కుక్కది.
మూడోది పదకొండేండ్లుగా ఆమెది.

పగలంతా గుండ్లకు టోపీలమ్ముతుంది.
కొండ దిగొచ్చిన తలల్ని
రోడ్డు ఆపక్క నుంచే చూసి సైజు చెప్పేస్తుంది.
తన వయసే చెప్పలేకపోయింది.
"గంగజాతర్లో, దొర వేషం నాడు పుట్నానంట,
అందుకే ఈ పేరు. ఏ సమచ్చరమో అడగబాక."
నలభై ఏడు అని రాశాను.
ఎక్కువేసినావని రెండేండ్లు కొట్టేయించింది.

రూలు ఒకటుంది.
ఇల్లు లేని మనిషి ఓటడిగితే
మేము రాత్రిపూట పోయి చూడాలి,
చెప్పిన చోట నిజంగా పడుకుంటా ఉండారో లేదో.
ఒక రాత్రి చూస్తే చాలదు.
కరెంటు బిల్లు లేనోళ్ళు
నిద్ర చూపించాలన్న మాట.
ఇది ఆమెకు చెప్పేటప్పుడు
నా గొంతు నాకే నచ్చలేదు.
"అట్నేలే, పడుకోనే ఉంటాలే" అన్నింది,
నేనేదో అప్పు అడిగినట్టు.

మొదటి రాత్రి మెట్టు ఖాళీ.
ఎవరో పెద్దాయన దర్శనానికొస్తాడని
పోలీసులు లాఠీలతో రోడ్డంతా ఊడ్చేసినారు.
కుక్క ఒకటే ఉంది, దాన్నెవరూ అడగలేదు.
"చూసినావు గదా, పోదాం పా" అన్నాడు మా ఆయన,
స్కూటరు ఆపకుండానే.
ఆ రాత్రి రిపోర్టులో ఏమీ రాయలేదు.
రాయకపోవడం కూడా తప్పేనంట, తర్వాత తెలిసింది.

రెండో తూరి, పదకొండున్నరకు,
టోపీల మూట తలకింద పెట్టుకోని
గోడవైపు తిరిగి పడుకోనుంది.
మూడో తూరీ అట్నే, అదే మూట, అదే గోడ.
టార్చి ముఖం మీద వేయబుద్ధి కాక
కాళ్ళ మీద వేశాను.
పగిలిన మడమలు, ఒక వేలికి వెండి మెట్టె.
నా నిద్రనెవరైనా ఇట్లా చూసి సంతకం పెడితే
నేనూరుకుంటానా?
"పడుకుని ఉండగా చూడడమైనది" అని రాసుకుంటుంటే
గోడవైపు నుంచి గొంతొచ్చింది.
"రాసేసినావామ్మా? ఇంక లేయొచ్చునా?"

మూడు రాత్రులూ నిద్రే పోలేదంట.
మొదటి రాత్రి తరిమినాక తెల్లార్లూ
గోవిందరాజుల గుడి సందులో కూర్చోని
ఓటు పోయిందని ఏడ్చిందంట.
ఆ తర్వాత
నా స్కూటరు చప్పుడు వినబడగానే
కండ్లు మూసుకోని గురక కూడా తీసిందంట.
"గురక బాగా తీసినానా?"
నాకు నవ్వాలో ఏం చెయ్యాలో తెలీలేదు.
మా ఆయనే నవ్వేశాడు.
ఆమె కూడా.

అసెంబ్లీ ఓట్ల రోజు
మున్సిపల్ స్కూలు బయట, జాబితాతో నేను.
ఎండ నెత్తిన పెనం పెట్టినట్టుంది.
దొరసానమ్మ మూటతోనే వచ్చింది.
పచ్చవీ నీలివీ అన్నీ ఏరి పక్కన పెట్టి
తెల్ల టోపీలే తెచ్చింది,
ఎవురి రంగూ కాకూడదంట.
అయినా ఈడ అమ్మకూడదన్నాడు కానిస్టేబులు.
వంద మీటర్ల సున్నపు గీత అవతల
చెరుకురసం బండి కింద మూట దాచి
ఒట్టి తలతో వరసలో నిలబడింది.
ఊరంతా గుండ్లను ఎండ నుంచి కాపాడేది,
తనకొక టోపీ పెట్టుకోవాలని తోచలేదు.

"ఇంటి నెంబరు?" ఏజెంటు కుర్రోడు వెతుకుతున్నాడు.
ఆ గడిలో గీత ఒకటే ఉంది.
"మూడో మెట్టు నాయినా" అనింది గట్టిగా.
వరసలో ఎవరో నవ్వినారు.
ఎవరికేసిందో నేనడగలేదు.
చెప్పబోతే నేనే ఆపేశాను.

పని ముగిసేసరికి రాత్రి పదిన్నర.
స్టేషను దారినే ఇంటికి పోతుంటే
మూడో మెట్టు మీద ఆమె
నోరు తెరుచుకోని నిజంగా నిద్రపోతా ఉంది.
సిరా వేలు దుప్పటి బయటుంది.
కుక్క రోడ్డుకడ్డంగా పడుకోనుంటే
హారను మీదికి పోతున్న మా ఆయన చెయ్యిని
గిల్లినాను.