మేక తోసిన గీత

కాగితం మీద ఆరో ప్రశ్న:
మీ సంప్రదాయం అంటే నీకెంత ఇష్టం?
ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు, పక్కన గళ్ళు.
వాగాడూగూ నుంచి వచ్చిన మేడమ్
పెన్ను మూత తీసి మరీ ఇచ్చింది.

ఇష్టమా?
జొన్న కోతలయ్యాక, వానలు దిగకముందు
మా కసేనా ఆడవాళ్ళంతా గోడల మీద పడతారు.
ఎర్రమట్టి, పేడ, నీళ్ళు.
కాళ్ళతో తొక్కడం నా వంతు.
గోళ్ళ సందుల్లో దిగిన నలుపు
వారమైనా వదలదు.
ఆ చేతులతోనే లెక్కల పరీక్ష రాశాను,
ముందు బెంచీవాడు వెనక్కి తిరిగి ముక్కు మూసుకున్నాడు.
నాకు సిమెంటు ఇల్లు కావాలి మేడమ్.
ఒకసారి కడితే మళ్ళీ నా జోలికి రాని ఇల్లు.
రాసుకోండి.
మా అత్త కాజియాకి మాత్రం చెప్పకండి.

నాకు పదకొండేళ్ళప్పుడు
మొదటిసారి నా చేతికి కోడి ఈక ఇచ్చింది,
నల్లరంగులో ముంచి, వల గళ్ళు గీయమని.
ఊపిరి బిగబట్టి గీస్తున్నాను.
వెనకనుంచి మేకపోతు వచ్చి మోచేతిని కుమ్మింది.
గీత గెంతింది.
గళ్ళు దాటి పైకెక్కి, కిందికి జారి, ఎక్కడో ఆగింది.

తిట్లకి వీపు సిద్ధం చేసుకున్నాను.
అత్త చూసింది. చాలాసేపు చూసింది.
నా చేతిలో ఈక లాక్కుని
గుమ్మానికి అటుపక్క
సరిగ్గా అలాగే ఒక వంకర గీసింది, జోడు కుదిరేట్టు.
తర్వాత గులకరాయి తీసుకుని రుద్దడంలో పడింది.
అంతే.

మరుసటేడు నాలుగిళ్ళవతల గోడ మీద కనబడింది నా వంకర.
ఆపై ఏడు బావి దగ్గరింట్లో.
నిరుడు, నల్లకళ్ళద్దాల గైడు ఇద్రిస్సా
దాని ముందు ఫ్రెంచివాళ్ళని నిలబెట్టి
"ఇది మా తాతల తాతలనాటి గుర్తు,
కొండచిలువ నీళ్ళకి పోయే దారి" అన్నాడు.
వాళ్ళు ఫొటోలు తీసుకున్నారు.
ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది.
నేను గాదె చాటుకెళ్ళి ఎక్కిళ్ళొచ్చేదాకా నవ్వాను.
ఆ మేకపోతుని అప్పటికే ఎవరి దినానికో వండేశారు,
లేకపోతే దానికీ చెప్పేదాన్ని.

నవ్వడం అయిపోయింది అనుకున్నాను.
పోయినవారం మా బాబాయి కూతురు, ఆరేళ్ళ కపూరి
ఈక పట్టుకొచ్చింది:
"అక్కా, కొండచిలువ దారి నేర్పవా?"
నిజం చెబుదామని నోరు తెరిచాను.
దాని వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను.
మోచేతిని మెల్లిగా తోశాను.
కుదరలేదు.
మేక ఎంత గట్టిగా తోసిందో
గుర్తు తెచ్చుకోవడానికి చీకటి పడింది.

పెన్ను తీసుకోండి మేడమ్.
ఆరోది అలా ఉండనివ్వండి.
అవునుగానీ, మీరు పట్నంలో ఉంటారు కదా,
సిమెంటు గోడ మీద ఈ రంగు పడుతుందా?
ఎవరైనా పూసి చూశారా?