బిళ్ల

ఎండకాలం. పొద్దు పొడవకముందే
గంగాధర అవతల, నీళ్లు నిండిన గ్రానైటు క్వారీ గడ్డ మీద
ట్రాలీ ఆటోల నుంచి సిలిండర్లు దింపుతున్నం, నేనూ ముజమ్మిల్.
వీపుకు రెండు, పక్కలకు రెండు.
నాయిన ఒక్కొక్కదాన్ని వేలితోటి కొట్టి సూస్తున్నడు
కుండలు కొనేటోని లెక్క.

"ఇండ్ల ఏముంది బిడ్డా?"
"హీలియం. లోతుకు పోతే ఉత్త గాలి కల్లు లెక్క ఎక్కుతది.
అందుకే ఇది కలుపుతం."
"గ్యాసు కట్టుకొని దిగుతరా మీరు!
మేం గ్యాసు వాసనకే ఎక్కొచ్చేటోళ్లం."

గోదావరిఖనిల ముప్పై నాలుగేండ్లు
బాయికి పోయిండు, బాయి నుంచి వచ్చిండు.
ఆయనకు ఏది దిగినా బాయే.
అండమాన్ పగడాల గోడలు,
మునిగిన ఓడ ఇంజను గది,
సన్న దారం ఒక్కటే తొవ్వయిన గుహ
అన్నీ ఫోన్ల జూపిచ్చిన.
చేపల రంగు ఒక్కటి సూడలే.
"కప్పుకు టింబరు కొట్టలేదా?" అన్నడు గుహను జూసి.

ఇక్కడి రాయి ఎప్పుడో ఓడెక్కి పోయింది.
ఓడల దిక్కు ఈదే నేను
రాయి పోయిన బొందకు వచ్చిన.

"నీ బిళ్ల ఏది?"
"బిళ్లేంది నాయినా?"
"దిగేటోళ్లు బిళ్ల ఇచ్చి దిగాలె.
లేకుంటే లోపల ఎవలున్నరో పైనున్నోనికి ఎట్ల ఎరుక?"
అంగి జేబుల నుంచి తీసిండు. ఇత్తడిది. అంచులరిగింది. 417.
రిటైరయిన నాడు పోయిందని చెప్పి
ఇరవై రూపాయలు జుర్మానా కట్టిండట.
నా చేతుల పెట్టి, మల్ల తనే చెయ్యి చాపిండు.
ఇచ్చిన.
ముజమ్మిల్ దగ్గర ఏం లేకుంటే బండి తాళంచెవి గుంజుకున్నడు.
అప్పుడు దిగుమన్నడు.

పది మీటర్లకు పచ్చదనం ఒడిసింది.
ఇరవైకి సలి, కత్తితోటి కోసినట్టు ఒక్క గీత కింద.
గోడ నిండ డ్రిల్లు చారలు.
యాభై రెండుల లారీ,
ఎవలో ఇప్పుడే ఆపి చాయ తాగపోయినట్టు.
స్టీరింగుకు చుట్టిన ఊలు
బూడిద రంగు అనుకున్న. లైటు పడంగనే ఎర్రగైంది.

ముజమ్మిల్ కాలిరెక్క అడుగుకు తాకింది.
రాతిపిండి లేచింది.
నా చెయ్యి నాకు కనబడలే.
తాడు మీద వేలు. అంతే నేను.

ఓ వానకాలం పాత గుంజాయిషుల నుంచి నీళ్లు తెగినయి.
చీకట్ల టబ్బుల తాడు పట్టుకొని నాయిన బయటికి నడిచిండు.
ఎనుక ఓదెలు.
ఎక్కినంక ఎనుక ఎవలు లేరు.
బోర్డు మీద ఒక్క బిళ్ల మిగిలింది.
ఇంట్ల ఓదెలు పేరు ఎన్నడు ఎత్తడు.
"మూడు వందల తొంభై రెండు" అంటడు, నిద్రల.

దిగుడు మూడు నిమిషాలు. అడుగున పదిహేను.
ఎక్కుడు గంట.
నెత్తురుల ఇమిడిన గాలిని మెల్లమెల్లగ ఇడవాలె,
తొందరపడితే గోలీసోడా గోలీ నొక్కినట్టే.
ఇరవై ఒకటి కాడ ఆగు. పన్నెండు. తొమ్మిది.
ఆరు మీటర్ల కాడ ముప్పై నిమిషాలు.
పైన ఎండ కనబడుతుంటది,
గడ్డ మీద గొంతుకు కూసున్న మనిషి వంకరటింకరగ కనబడుతుంటడు,
పోరాదు.
ఓడలల్ల, గుహలల్ల ఇంత కష్టం పడలే.
మా బుడగలు ఆయన ముంగట పోయి పగులుతున్నయి.
లెక్కబెడుతుండొచ్చు.

నీళ్లల్ల నుంచి తలకాయ లేపంగనే,
"ఏముంది కింద?"
"లారీ."
"డ్రైవరు?"
"లేడు నాయినా. ఉత్త లారే."
జర సేపు నీళ్ల దిక్కే సూసిండు.

చెయ్యి చాపిన.
నంబరు ఒకసారి సదువుకొని, బిళ్ల ఇచ్చిండు.
కాలుతున్నది.
గంటకు పైన పిడికిలి తెరిచినట్టు లేడు.

"రేపు ఏ షిఫ్టు?"